ఆ ఒక్క ఛానెలే ఎందుకు రావడం లేదు?

నెల్లిమర్లలో మా మావయ్య గారింట్లో టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్ కవరు తొడిగి, రెండు రబ్బరు బ్యాండ్లు బిగించి ఉంటాయి. ఆయన జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. రాత్రి ఏడు దాటితే చాలు, బొటనవేలు దానంతటదే మూడంకెల నంబరు నొక్కేస్తుంది. ఆయన చూసే వార్తల ఛానెల్ ఆ నంబరులోనే ఉంటుంది. ఒకసారి, ఎన్నికల ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకి, ఆ నంబరు నొక్కితే తెరంతా నల్లగా అయిపోయింది. బాక్సు ఆపి మళ్లీ వేశారు. వెనక వైరు ఊడదీసి, ఉఫ్ అని ఊది, మళ్లీ బిగించారు. సీరియళ్లు వస్తున్నాయి, సినిమాలు వస్తున్నాయి, భక్తి ఛానెళ్లు వస్తున్నాయి. ఇదొక్కటే లేదు.

"ఏటిరా ఇది, అన్నీ వస్తన్నాయి, ఇదొక్కటే రావట్నేదు" అని నాకు ఫోన్ చేశారు. విజయనగరం నుంచి నేను వెళ్లేసరికి కేబుల్ కుర్రాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "నానేటి సెయ్యగల్ను తాతా, పైనించే రావట్నేదు" అన్నాడు. అబద్ధం చెప్పే మొహం కాదు. అతనికి నిజంగానే అంతకు మించి తెలియదు.

పైనుంచి అంటే ఎక్కడి నుంచి? ఈ ప్రశ్న ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు. తెలిసినవాళ్లను అడిగాను, నిబంధనలు చదివాను. అది ఏ ఛానెలో మాత్రం ఇక్కడ రాయను. పేరు రాయగానే చదివేవాళ్లు రెండు పార్టీలుగా చీలిపోతారు, అసలు విషయం పక్కకు పోతుంది. మన ఊళ్లలో టీవీ గురించి మాట్లాడుకునేదంతా ఏ ఛానెల్ ఎవరిది, ఎవరికి భజన చేస్తోంది అనే. ఆ ఛానెల్ మన ఇంటిదాకా వచ్చే దారి ఎవరి చేతిలో ఉందో ఎవరూ మాట్లాడరు. అసలు అధికారం ఉన్నది అక్కడే.

ముందు ఆ దారి చూద్దాం. హైదరాబాద్ స్టూడియోలో యాంకర్ మాట్లాడిన మాట సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి వెళ్లి కిందికి దిగుతుంది. దాన్ని పెద్ద పెద్ద డిష్‌లతో పట్టుకునేవాళ్లను ఎంఎస్ఓలు అంటారు. వాళ్ల కంట్రోల్ రూమ్‌లో వందల ఛానెళ్లను ఒక కట్టగా కట్టి, తాళం వేసి, ఫైబర్ మీద జిల్లాలకు పంపుతారు. మన వీధిలో నెలనెలా డబ్బులు తీసుకెళ్లేది లోకల్ కేబుల్ ఆపరేటర్. ఆయన ఆ ఫైబర్ నుంచి మన ఇంటికి నల్ల వైరు లాగుతాడు. ఇంట్లో ఉన్న సెట్‌టాప్ బాక్సు ఆ తాళం తీస్తుంది. ఏ బాక్సుకి ఏయే ఛానెళ్ల తాళం తీయాలో పైన కంట్రోల్ రూమ్‌లో కంప్యూటర్ చెబుతుంది.

ఇది ఎప్పుడూ ఇలాగే లేదు. బాక్సులు రాకముందు ప్రతి ఊళ్లోనూ ఆపరేటర్‌కి సొంత కంట్రోల్ రూమ్ ఉండేది. చిన్న గది, నాలుగు డిష్‌లు, ఒక కూలర్. ఛానెల్ పోతే ఆయన ఇంటికి వెళ్లి తలుపు కొట్టేవాళ్లం. ఒక్కోసారి మన కోసం ఆయన సాయంత్రం సినిమా కూడా వేసేవాడు. 2012లో మొదలై 2017 నాటికి దేశమంతా విడతలవారీగా డిజిటల్‌కి మారింది. బొమ్మ బాగుపడింది, ఛానెళ్లు పెరిగాయి, లెక్కలు సరిగ్గా తేలాయి. కానీ స్విచ్ మాత్రం మన వీధిలోంచి ఎక్కడో దూరంగా ఉన్న గదికి వెళ్లిపోయింది. కుర్రాడు "పైనించే" అన్నది అందుకే. ఇప్పుడు ఒక్క గదిలో ఒక్క మనిషి ఒక్క మీట నొక్కితే ఉత్తరాంధ్రలో లక్షల ఇళ్లలో ఒకేసారి ఒక ఛానెల్ మాయమవగలదు. అదే మీట ఊరికొకటి ఉన్న రోజుల్లో ఇది ఇంత తేలిక కాదు.

అసలు ఆగింది ఎక్కడో ఇంట్లో కూర్చునే చాలావరకు కనిపెట్టొచ్చు. మావయ్య దగ్గర నేను చేసింది అదే. మిగతా ఛానెళ్లన్నీ వస్తున్నాయి కాబట్టి వైరు బాగానే ఉంది, బాక్సూ బాగానే ఉంది. పక్కింటివాళ్లకి డిష్ ఉంది. అక్కడికి వెళ్లి చూస్తే ఆ ఛానెల్ శుభ్రంగా వస్తోంది. నా ఫోన్‌లో యూట్యూబ్ తీస్తే లైవ్ నడుస్తోంది. అంటే స్టూడియో మూతపడలేదు, ఉపగ్రహం చెడిపోలేదు. ఇక మిగిలింది మధ్యలో ఉన్న దారి. మీ బాక్సు తెర మీద "మీరు ఈ ఛానెల్‌కి చందా కట్టలేదు" అన్న అర్థంలో మాట వస్తే అది మీ ప్యాక్ సమస్య, ఆపరేటర్ దగ్గరే తేలిపోతుంది. నంబరే జాబితాలో కనబడకపోయినా, వీధివీధంతా ఒకేసారి నల్లతెర వచ్చినా, అది చాలావరకు కంట్రోల్ రూమ్‌లో తీసుకున్న నిర్ణయం.

ఇంత సులభంగా ఎలా తీసేయగలరు? దానికి డబ్బు లెక్క తెలియాలి. 2019లో టెలికం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ విధానం అమల్లోకి తెచ్చింది. అప్పటిదాకా కేబుల్ కుర్రాడు ఎంత అంటే అంత ఇచ్చేవాళ్లం, ఏది వస్తే అది చూసేవాళ్లం. కొత్త విధానంలో మొదటి 100 ఛానెళ్ల వైరు ఖర్చు కింద గరిష్ఠంగా 130 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 153 రూపాయల 40 పైసలు. ఆ పైన డబ్బు కట్టే ఛానెళ్లకి దేని ధర దానికి. ఆ 130 పరిమితిని కూడా 2024లో ఎత్తేశారు. ఈ లెక్కలో సీరియళ్లు, సినిమాలు, క్రికెట్ వచ్చే ఛానెళ్లు చాలావరకు డబ్బు కట్టే రకం. అవి ఆగితే ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు ఆపరేటర్‌ని నిలబెట్టి కడిగేస్తారు. ఎంఎస్ఓకి ఆదాయం పోతుంది.

తెలుగు వార్తల ఛానెళ్ల సంగతి అలా కాదు. అవి ఎక్కువగా ఉచిత ఛానెళ్లు. వాటికి ప్రేక్షకుడు పైసా ఇవ్వడు. ప్రకటనలే వాటి బతుకు, ప్రకటనలు రావాలంటే ఎక్కువ ఇళ్లలో కనబడాలి, కనబడాలంటే ఎంఎస్ఓ దయ కావాలి. అందుకే చాలాసార్లు ఛానెలే ఎంఎస్ఓకి క్యారేజ్ ఫీజు కడుతుంది. ట్రాయ్ 2017 నిబంధనల్లో దానికి ఒక్కో చందాదారుకి నెలకి 20 పైసల పరిమితి పెట్టారు. అంటే వార్తల ఛానెల్ ఆ దారిలో అద్దెకున్న మనిషి లాంటిది. అద్దెకున్నవాణ్ణి ఖాళీ చేయించడం ఎవరికైనా తేలికే.

ఇక మన వీధిలో ఆపరేటర్. ఆయన అడకత్తెరలో పోకచెక్క. వసూలైన వైరు ఖర్చులో ఒప్పందం లేకపోతే ఎంఎస్ఓకి 55, ఆయనకి 45 శాతం. దానిలోంచే కుర్రాళ్ల జీతాలు, వైర్లు, తుపాను వస్తే మరమ్మతులు. ఇంకో సంగతి మనం రోజూ చూస్తూనే గమనించం. ఒకసారి తలెత్తి మీ వీధిలో కేబుల్ వైరు దేనికి కట్టారో చూడండి. కరెంటు స్తంభానికి. ఆ స్తంభం ప్రభుత్వ విద్యుత్ సంస్థది. ఆ స్తంభం మీద వైరు ఉండాలంటే అనుమతి కావాలి, అద్దె కట్టాలి. రేపు ఎవరైనా అధికారి వచ్చి "ఈ వైర్లు ప్రమాదకరంగా ఉన్నాయి, తీసేయండి" అంటే ఆ రోజుతో ఆయన వ్యాపారం ఆఖరు. అలాంటి మనిషికి ఎవరూ రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వనక్కర్లేదు. ఒక చిన్న నాయకుడు టీ కొట్టు దగ్గర "ఆ ఛానెల్ ఎందుకు బాబూ ఇంకా వేస్తన్నావు" అంటే చాలు. ఇలాంటి వ్యవహారాల్లో కాగితం దొరకదని నేను నమ్మడానికి కారణం ఇదే. భయపడే కారణం పక్కనే స్తంభానికి వేలాడుతూ ఉంటే నోటిమాట సరిపోతుంది.

మనకి ఇది కొత్తా? కాదు. 2014 జూన్‌లో తెలంగాణలో ప్రభుత్వం ఏర్పడ్డ కొద్ది రోజులకే, శాసనసభ్యులను కించపరిచే కార్యక్రమం వేశారన్న ఆగ్రహంతో ఎంఎస్ఓలు టీవీ9ని, దాంతోపాటు ఏబీఎన్ ఆంధ్రజ్యోతిని ఆపేశారు. ఆంధ్రలో 2019 తర్వాత ఏబీఎన్, టీవీ5 రావడం లేదని తెలుగుదేశం గొంతెత్తింది. టీవీ5 టెలికం ట్రిబ్యునల్ టీడీశాట్ దాకా వెళ్లింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే బొమ్మ తిరగబడింది. టీవీ9, సాక్షి, ఎన్టీవీ, 10టీవీ కేబుల్‌లో రావడం లేదని వైఎస్సార్ కాంగ్రెస్ ట్రాయ్‌కి ఫిర్యాదు చేసింది. తమ ప్రమేయం ఏమీ లేదని తెలుగుదేశం చెప్పింది. ఆ నెల 25న ఢిల్లీ హైకోర్టు టీవీ9 ప్రసారాలు పునరుద్ధరించాలని రాష్ట్రంలోని 15 మంది కేబుల్ ఆపరేటర్లను ఆదేశించింది.

ఈ మూడు సందర్భాలనీ పక్కపక్కన పెట్టి చూడండి. అధికారంలో ఉన్న పార్టీలు వేరు, ఆగిన ఛానెళ్ల జాబితాలూ వేరు. నిన్న "పత్రికా స్వేచ్ఛ" అని అరిచినవాళ్లు ఇవాళ మౌనంగా ఉంటారు. నిన్న మౌనంగా ఉన్నవాళ్లు ఇవాళ అరుస్తారు. తిలా పాపం తలా పిడికెడు. నాకూ ఓటుంది, నాకూ నచ్చిన ఛానెల్, చూస్తేనే ఒళ్లు మండే ఛానెల్ ఉన్నాయి. అయినా నా మాట ఇది: నాకు ఒళ్లు మండే ఛానెల్ కూడా మావయ్య బాక్సులో రావాలి. చూడాలో వద్దో నిర్ణయించే మీట ఆయన చేతిలో ఉన్న ఆ ప్లాస్టిక్ కవరు రిమోట్‌కే ఉండాలి.

చట్టం కూడా చాలావరకు అదే అంటుంది. 1995 కేబుల్ టెలివిజన్ చట్టంలో ప్రసారాన్ని ఆపే అధికారం ఉంది. సెక్షన్ 19 కింద కలెక్టరు లాంటి అధీకృత అధికారి, మత విద్వేషాలు రేగుతాయనో ప్రజాశాంతి చెడుతుందనో అనుకుంటే ఉత్తర్వు ఇచ్చి ఆపొచ్చు. సెక్షన్ 20 కింద కేంద్రం దేశ భద్రత వంటి కారణాలతో ఆపొచ్చు. రెండింటికీ ఉత్తర్వు కావాలి, ఉత్తర్వుని కోర్టులో సవాలు చేయొచ్చు. ఉత్తర్వు ఉన్నా చాలదని మీడియా వన్ కేసులో తేలింది. ఆ మలయాళ ఛానెల్‌కి కేంద్రం భద్రతా కారణాలు చెప్పి లైసెన్సు పునరుద్ధరించకపోతే, 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. "మీ వార్తలు మాకు నచ్చలేదు" అన్నది కారణం కిందకు రాదు.

ఎంఎస్ఓ సొంతంగా ఆపాలన్నా పద్ధతుంది. ఛానెల్‌తో గొడవ ఉంటే కనీసం మూడు వారాల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ప్రేక్షకుడికి కూడా ముందుగా చెప్పాలి. ఒకసారి ఛానెల్‌కి ఇచ్చిన నంబరుని కనీసం ఏడాదిపాటు మార్చకూడదని కూడా 2017 నిబంధనల్లో పెట్టారు. మావయ్య తెర మీద ఏ నోటీసూ నడవలేదు. రాత్రి ఉన్న ఛానెల్ తెల్లారేసరికి లేదు.

ఇక్కడ ప్రభుత్వమే కేబుల్ వ్యాపారం చేస్తే ఏమవుతుందన్న ప్రశ్న కూడా ఉంది. మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ ప్రభుత్వ సంస్థ. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ప్రారంభమైంది. నెలకి 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా పల్లెలకి ఫైబర్ తీసుకెళ్లడం నిజంగా మంచి ఆలోచన. మా జిల్లాలో మారుమూల ఊళ్లలో పిల్లలు ఆన్‌లైన్‌లో చదువుకోగలిగారంటే అలాంటి వైర్ల వల్లే. కానీ నెట్ ఇవ్వడం వేరు, ఏ వార్త చూడాలో నిర్ణయించే గది తాళంచెవి కూడా ప్రభుత్వం దగ్గరే ఉండడం వేరు. రాష్ట్ర ప్రభుత్వాలని, రాజకీయ పార్టీలని ప్రసార, పంపిణీ వ్యాపారంలోకి రానివ్వకూడదని ట్రాయ్ 2012 డిసెంబరులోనే కేంద్రానికి సిఫార్సు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం ఆ మేరకు ఒక సూచన ఇచ్చినా, అది చట్టంగా మారలేదు. ఏ పార్టీకీ దాన్ని కదిలించాలని లేదు, ఎందుకంటే ప్రతి పార్టీ రేపు మనం వస్తాం కదా అనుకుంటుంది.

ఈ మాటలన్నీ చెబితే మా మేనల్లుడు వెంటనే అన్నాడు: "కేబుల్ ఎవడు చూస్తున్నాడు మావయ్యా, అంతా యూట్యూబ్‌లో ఉందిగా." నిజమే, ఉంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ఎంత చవకైందో అందరికీ తెలుసు. కేబుల్‌లో ఆగిన ఛానెల్ కూడా ఫోన్‌లో లైవ్ వస్తుంది. ఆ లెక్కన ఫోన్ పెద్ద ఊరట. కాదనను.

అయితే మొన్న పండక్కి అందరం నెల్లిమర్లలో ఉన్నప్పుడు, భోజనాలయ్యాక, మేనల్లుడి ఫోను, మావయ్యకి కొనిచ్చిన ఫోను పక్కపక్కన పెట్టి రెండింట్లోనూ యూట్యూబ్ తెరిచాను. మావయ్య ఫోన్‌లో మొదటి పది వీడియోల్లో ఏడు ఒకే నాయకుణ్ణి పొగిడేవి. మేనల్లుడి ఫోన్‌లో అదే నాయకుణ్ణి తిట్టేవి, మధ్యలో రెండు సినిమా ట్రైలర్లు, ఒక క్రికెట్ వీడియో. ఒకే ఇల్లు, ఒకే వైఫై, ఒకే రాష్ట్రం. ఇద్దరూ నిజాయితీగానే "అందరూ ఇదే అంటున్నారు" అనుకుంటున్నారు. ఏ వీడియో ఎంతసేపు చూశారు, ఏది చూడకుండా పైకి తోసేశారు అన్నది లెక్కగట్టి, ఇంకొంతసేపు కూర్చోబెట్టేవి ఏవో అవే తెచ్చి ముందు పెడుతుంది ఆ యంత్రం. దానికి పార్టీ లేదు. మన కోపం ఎక్కడ ఉందో అది కనిపెడుతుంది.

కేబుల్‌కీ ఫోన్‌కీ ఉన్న తేడా నాకు అక్కడే అర్థమైంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు, కరెంటు స్తంభాలు కుప్పకూలాయి. అక్కడి చుట్టాలకి రోజుల తరబడి కరెంటు లేదు, టీవీ లేదు. కానీ ఎందుకు లేదో గుమ్మంలోంచి చూస్తే తెలిసేది, స్తంభం రోడ్డు మీదే పడి ఉంది. కేబుల్‌లో ఒక ఛానెల్ తీసేస్తే స్తంభం కనబడదు గానీ నల్లతెరైనా కనబడుతుంది. ఏదో పోయిందని తెలుస్తుంది, ఫోన్ చేసి అడుగుతాం, గొడవ పెడతాం. ఫోన్‌లో అదీ ఉండదు. మనదాకా రాని వీడియో స్థానంలో ఖాళీ ఉండదు, ఇంకో వీడియో ఉంటుంది. పోయిందని తెలియనిదాని కోసం ఎవరు అడుగుతారు? యూట్యూబ్ సెట్టింగుల్లో వాచ్ హిస్టరీ చెరిపేసి, ఆపేస్తే హోమ్ పేజీ ఖాళీ అయిపోతుంది, అప్పుడు మనకి కావలసింది మనమే వెతుక్కోవాలి. మావయ్య ఫోన్‌లో అది ఆపేశాను. మేనల్లుడు ఒప్పుకోలేదు.

తిరిగి ఆ నల్లతెర దగ్గరికి వస్తాను. ఏం చేయగలం అంటే, చేయగలిగింది తక్కువే గానీ అసలు లేకపోలేదు. టీడీశాట్‌లో ఒక్క వినియోగదారుడు కేసు వేయలేడు, అది సర్వీసు సంస్థల మధ్య, లేదా వినియోగదారుల గుంపు తరఫున వచ్చే వివాదాలకి. ఒక్కరి కష్టానికి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. దానికి ముందు జాతీయ హెల్ప్‌లైన్ 1915 ఉంది. అన్నిటికన్నా ముందు ఎంఎస్ఓ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, బాక్సు కింద రాసి ఉండే వీసీ (వ్యూయింగ్ కార్డు) నంబరు చెప్పి, ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. ఆ నంబరు లేకుండా తర్వాతి మెట్టు ఎక్కలేం. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ ఆ కంట్రోల్ రూమ్‌లో ఒక ఛానెల్ తీసేసినప్పుడు ఒక్క ఫిర్యాదూ నమోదు కాకపోతే, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదని రాసుకుంటారు. వెయ్యి నమోదైతే అలా రాసుకోవడం కష్టం. ఇప్పటిదాకా కోర్టుకెళ్లింది ఛానెళ్లు, ట్రాయ్‌కి రాసింది పార్టీలు. డబ్బు కట్టే మనం మాత్రం బాక్సు మీద ఒక దెబ్బ కొట్టి ఊరుకున్నాం.

మావయ్య చేత ఆ రోజు ఫోన్ చేయించాను. హిందీలో ఒకటి నొక్కండి, ఇంగ్లీషులో రెండు నొక్కండి అంటుంటే ఆయనకి విసుగొచ్చింది, అయినా పట్టు వదల్లేదు. ఫిర్యాదు నంబరుని గోడ మీద క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాసుకున్నారు. వారం తర్వాత మళ్లీ చేశారు, దాని కింద రెండో నంబరు రాశారు. కొన్ని వారాలకి ఛానెల్ తిరిగొచ్చింది. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు, ఎందుకు వచ్చిందో కూడా చెప్పలేదు. కుర్రాడు వచ్చి "వచ్చీసినాది తాతా" అన్నాడు, అంతే.

కిందటి నెల వెళ్లినప్పుడు రాత్రి ఏడుకి ఆయన పక్కనే కూర్చున్నాను. రిమోట్ తీసి ముందు వేరే నంబరు నొక్కారు. తెర మీద ఆయనకి బొత్తిగా గిట్టని ఛానెల్ వచ్చింది. రెండు నిమిషాలు మొహం చిట్లించి చూశారు. ఇదేంటి మావయ్యా అన్నాను.

"ఇదీ వస్తందా నేదా అని రోజూ సూస్తన్నాన్రా" అని, తన నంబరు నొక్కారు.